మత్తు దిగే వేళకో కబురు

బండి మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకున్న మనిషికి పొద్దున పదింటికి ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తారు. సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు. చూడ్డానికి వచ్చినవాళ్లతో ఆయన నవ్వుతూ కబుర్లు చెబుతాడు. "నొప్పా? చెయ్యి ఉందో లేదో కూడా తెలియట్లేదండీ" అంటాడు. రాత్రి రెండింటికి మాత్రం ఉలిక్కిపడి లేచి కూర్చుంటాడు. చెయ్యంతా సలుపు, ఎముకలోంచి పోటు. ఇంటిల్లిపాదీ లేస్తారు. ఆపరేషన్లో ఏదో తేడా జరిగిందన్న భయం మొదలవుతుంది. డిశ్చార్జి చీటీ వెతికి, అందులో రాసిన మాత్రలు రెండూ ఒకేసారి మింగిస్తారు. అవి పనిచేసేలోగానే పక్కింటివాళ్లు తెచ్చిచ్చిన ఇంకో మాత్ర కూడా కడుపులో పడుతుంది.

కోసింది పొద్దున, నొప్పి వచ్చింది అర్ధరాత్రి దాటాక. ఈ పదహారు గంటల్లో ఏం జరిగింది?

ఏం జరగబోతోందో ఆపరేషన్ చేసిన సర్జనుకీ మత్తు డాక్టరుకీ గంటలతో సహా తెలుసు. తెలియనిది రోగికే. ఆ సంగతిని సరిగ్గా అవసరమైన గంటకి, ఇంట్లో పడుకున్న మనిషికి అందించాలి. దీనికి కొన్ని ఆసుపత్రులు ఎంచుకున్న సాధనం చాలా మామూలుది. ఫోనుకొచ్చే మెసేజ్.

మూసిన నరం తెరుచుకునే గంట

చేతికో భుజానికో కాలికో ఆపరేషన్ చేసేటప్పుడు ఆ భాగానికి వెళ్లే నరాల పక్కన మత్తుమందు ఎక్కించడం ఇప్పుడు మామూలు. ఆసుపత్రిలో దీన్ని 'బ్లాక్ ఇవ్వడం' అంటారు. నరం పొడుగునా సంకేతం నడవాలంటే దాని గోడలో ఉన్న అతి సన్నటి ద్వారాల గుండా సోడియం అయాన్లు లోపలికి రావాలి. బుపివకైన్ లాంటి మందులు ఆ ద్వారాలను మూసేస్తాయి. కోత దగ్గర నరాల కొసలు ఎంత మొత్తుకున్నా ఆ సంకేతం వెన్నుపాము దాకా చేరదు, మెదడుకి తెలియదు.

మందును బట్టి, ఎక్కించిన చోటును బట్టి ఆ మూత పది పన్నెండు గంటల నుంచి ఒక రోజు దాకా నిలుస్తుంది. ఈలోగా గాయం దగ్గర పని ఆగదు. దెబ్బతిన్న కణాలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేస్తూ ఉంటాయి. వాపు వస్తుంది. ఈ రసాయనాలు నరాల కొసలను ఎంత సున్నితంగా మార్చేస్తాయంటే, మామూలప్పుడు లెక్కచెయ్యని చిన్న కదలికకి కూడా అవి ఉలిక్కిపడతాయి. మొదటి రెండు మూడు రోజులూ ఈ వాపు ఎక్కువగా ఉంటుంది. అంటే నరం మొద్దుబారి ఉన్నంతసేపూ అవతల నొప్పికి కావలసిన సరంజామా అంతా పోగవుతోందన్నమాట. మత్తు దిగగానే అదంతా ఒక్కసారిగా మెదడుకి తెలుస్తుంది. వైద్యులు దీన్ని రీబౌండ్ నొప్పి అంటారు. ఆపరేషన్ చెడిపోయిందనడానికి అది గుర్తు కాదు.

ఇక మాత్రల సంగతి. పారాసిటమాల్ మింగాక పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి. ఆస్పిరిన్ ఈ దారిలోనే పనిచేస్తుందని 1971లో కనిపెట్టిన జాన్ వేన్‌కి 1982లో నోబెల్ బహుమతి వచ్చింది. తయారీని ఆపగల మందు అప్పటికే తయారైపోయినదాన్ని వెనక్కి తీసుకోలేదు. పాలు పొంగి పొయ్యి మీద పడ్డాక మంట తగ్గించేకంటే అంచున నురగ లేస్తున్నప్పుడే తగ్గించడం తేలిక కదా, నొప్పి మాత్రకీ అదే వర్తిస్తుంది. మొదటి మాత్ర మత్తు పూర్తిగా దిగకముందే కడుపులో పడాలి.

ఈ మాట డాక్టరు చెప్పకపోరు. చెప్పేది మాత్రం బిల్లు కట్టి, ఇన్సూరెన్సు కాగితాల మీద సంతకాలు పెట్టి, ఆటో కోసం చూస్తున్న వేళ. రాత్రి ఎనిమిదికి అది ఎవరికి గుర్తుంటుంది? అదే ఎనిమిదింటికి ఫోను మోగి, తెరమీద ఇలా కనిపించిందనుకుందాం: "వేళ్లలో చీమలు పాకినట్టు ఉందా? మత్తు దిగుతోంది. రాత్రికి నొప్పి పెరుగుతుంది, అది మామూలే. ఇప్పుడే కాస్త తిని, చీటీలో మొదట రాసిన మాత్ర వేసుకోండి. చేతిని దిండు మీద, గుండె కంటే ఎత్తులో పెట్టుకోండి." చీటీలో లేని మందు ఒక్కటీ ఇందులో లేదు. అయినా ఆ రాత్రి తీరు మారిపోతుంది.

1964లో ఒక మత్తు డాక్టరు

మాట సాయంతో నొప్పిని తగ్గించవచ్చన్న ఆలోచన ఫోన్లతో పుట్టింది కాదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో లారెన్స్ ఎగ్బర్ట్ అనే మత్తు డాక్టరు, ఆయన సహచరులు కడుపు ఆపరేషన్ చేయించుకుంటున్న 97 మందితో ఒక ప్రయోగం చేసి 1964లో ప్రచురించారు. అందులో కొందరి దగ్గరికి మత్తు డాక్టరు వెళ్లి కూర్చుని, నొప్పి ఎక్కడ వస్తుంది, ఎంత వస్తుంది, ఎన్నాళ్లుంటుంది, అది ఎందుకు సహజం అన్నవి విడమరిచి చెప్పేవారు. ఊపిరి నిదానంగా తీసుకుని కండరాలు వదులుచేసుకోవడం ఎలాగో, పక్క మీద ఎలా ఒత్తిగిల్లాలో చూపించేవారు. అప్పటికీ ఓర్చుకోలేకపోతే మందు అడగమని చెప్పేవారు. మిగిలినవారికి మామూలు వైద్యం మాత్రమే. ఎవరు ఏ గుంపో సర్జన్లకి చెప్పలేదు.

ముందే చెప్పించుకున్నవారికి నల్లమందు జాతి మందుల అవసరం సగానికి సగం తగ్గింది. సర్జన్లు వాళ్లను సగటున 2.7 రోజులు ముందే ఇంటికి పంపించారు.

ఒంట్లో ఇది ఎలా సాధ్యమైందో ఆ తరువాతి పరిశోధనలు ఒక్కో ముడీ విప్పాయి. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. నొప్పి సంకేతాలు వెన్నుపాములో ఒక గేటు దాటి పైకి వెళ్లాలనీ, ఆ గేటును ఎంత తెరవాలో నిర్ణయించడంలో పైనుంచి మెదడు పంపే ఆదేశాలకీ వాటా ఉందనీ దాని సారాంశం. భయం, ఏం జరుగుతోందో తెలియకపోవడం ఆ గేటును తెరుస్తాయి. 1978లో జాన్ లెవిన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ జ్ఞానదంతం పీకించుకున్నవారి మీద చేసిన పరిశోధన ఇంకా ఆశ్చర్యకరం. మందేమీ లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తోనే కొందరికి నొప్పి తగ్గింది. తరువాత వాళ్లకి నాలోక్సోన్ ఇచ్చారు. నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకోవడమే నాలోక్సోన్ చేసే పని. అది ఎక్కగానే తగ్గిన నొప్పి తిరిగి వచ్చింది. ధైర్యం కలిగినప్పుడు శరీరం నల్లమందులా పనిచేసే తన సొంత రసాయనాలను, అంటే ఎండార్ఫిన్లను, విడుదల చేస్తోందనీ, ఆ ఉపశమనం ఉత్త భ్రమ కాదనీ ఈ ప్రయోగం సూచించింది.

ఎగ్బర్ట్ చేసిన పనికి ఒక్కటే ఇబ్బంది. మంచం పక్కన కూర్చునే తీరిక ఉన్న డాక్టరు కావాలి. అప్పట్లో రోగులు రోజుల తరబడి ఆసుపత్రిలోనే ఉండేవారు కాబట్టి సాగింది. ఇప్పుడు చాలా ఆపరేషన్లకి ఆ సాయంత్రమో మర్నాడో ఇంటికి వెళ్లిపోతున్నారు. నొప్పి ముదిరే రాత్రులన్నీ ఇంట్లోనే గడుస్తున్నాయి.

అయోవాలో రోజుకి రెండు

అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఎముకలు విరిగి ఆపరేషన్ చేయించుకున్న 82 మందిని క్రిస్ ఆంథొనీ అనే సర్జను బృందం రెండు గుంపులు చేసింది. ఒక గుంపు వారి ఫోన్లకి ఆపరేషన్ మర్నాటి నుంచి రెండు వారాల పాటు రోజుకి రెండు మెసేజ్‌లు వెళ్లాయి. పంపింది మనిషి కాదు, ముందే నింపిపెట్టిన ఒక మెసేజ్ రోబో. అయితే అందులోని మాటలు నొప్పి మీద పనిచేసే మానసిక చికిత్స నిపుణులు సమకూర్చినవి. నొప్పితో గుద్దులాటకి దిగవద్దు, అది మానే క్రమంలో భాగమని ఒప్పుకుని, మీకు ముఖ్యమైన పనుల వైపు మనసు మళ్లించండి అన్న ధోరణిలో ఉండేవి. రెండో గుంపుకి మెసేజ్‌లు లేవు.

చివరిదాకా నిలిచిన 76 మంది లెక్క 2020లో వెలువడింది. మెసేజ్‌లు అందుకున్నవారు సగటున 26 నల్లమందు జాతి మాత్రలు వాడితే, అందుకోనివారు 41 వాడారు. మాత్రలు తక్కువ మింగినవారు నొప్పిని ఎక్కువ భరించాల్సి వచ్చిందా అంటే, అదీ లేదు. వాళ్లు చెప్పిన నొప్పి తీవ్రత కూడా కాస్త తక్కువే.

ఈ ఫలితాన్ని ఉన్నంత మేరకే తీసుకోవాలి. అది చిన్న అధ్యయనం. రెండో గుంపుకి ఏ మెసేజూ వెళ్లలేదు కాబట్టి, పనిచేసింది ఆ ప్రత్యేకమైన మాటలా, లేక తనను ఎవరో కనిపెట్టి చూస్తున్నారన్న భరోసానా అన్నది దీనితో తేలదు.

ఈ ప్రశ్నకి దగ్గరి సాక్ష్యం ఒకటి కెనడా నుంచి వచ్చింది. మాంట్రియల్‌లో, పూర్తి మత్తు లేకుండా చిన్న ఆపరేషన్లు చేయించుకుంటున్నవారిలో కొందరికి బల్ల మీద ఉండగానే ఫోనులో మెసేజ్‌లు పంపుకునే వీలు కల్పించారు. కొందరు తమవాళ్లతో, కొందరు ముక్కూ మొహం తెలియని మనిషితో మాట్లాడుకున్నారు. ఇంకొందరికి యాంగ్రీ బర్డ్స్ ఆట ఇచ్చారు. అదనపు నొప్పి మందు అవసరం అందరికంటే బాగా తగ్గింది అపరిచితుడితో మాట్లాడినవారికి. దృష్టి మళ్లించడమే కారణమైతే ఆట కూడా అంతే పని చేయాలి. మనవాళ్లతో మాటలు ఆపరేషన్ చుట్టూ తిరుగుతాయి, కొత్తమనిషితో మాటలు జీవితం మీదికి పోతాయి. అదే తేడా తెచ్చిందని పరిశోధకుల ఊహ.

అడిగే మెసేజ్

చెప్పడం ఒక ఎత్తు, అడగడం ఇంకో ఎత్తు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ వైద్యులు ఎముకల, మూత్రవ్యవస్థ ఆపరేషన్లు అయిన 919 మందికి ఆటోమేటిక్ మెసేజ్‌లు పంపి, నొప్పి ఎంత ఉంది, ఎన్ని మాత్రలు వేసుకున్నారు అని అడుగుతూ వచ్చారు. 2021లో ప్రచురించిన జవాబుల సారం ఇది: రాసిచ్చిన నల్లమందు జాతి మాత్రల్లో 60 శాతానికి పైగా వాడకుండా మిగిలిపోయాయి. ఎముకల ఆపరేషన్ రోగుల్లో మధ్యస్థ విలువ చూస్తే రాసింది 20, వాడింది 6.

ఇవి అలవాటుగా పట్టుకునే మందులు కాబట్టి, ఈ మిగిలిన మాత్రలే అమెరికాని కలవరపెడుతున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన చాడ్ బ్రమ్మెట్ బృందం 36 వేల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించి 2017లో చెప్పిన ప్రకారం, అంతకు ముందు ఈ మందులు వాడని వారిలో దాదాపు 6 శాతం ఆపరేషనైన మూడు నెలల తరువాత కూడా వాటిని కొనసాగిస్తున్నారు. చిన్న ఆపరేషనైనా పెద్దదైనా ఈ శాతంలో పెద్ద తేడా లేదు. కోత ఎంత పెద్దదన్నదాని మీద ఇది పెద్దగా ఆధారపడదని దాని అర్థం. రోగి నోటి నుంచి వాడకం లెక్క తెలిస్తే, తరువాతి రోగికి 20 బదులు 8 రాయడానికి డాక్టరుకి ధైర్యం వస్తుంది.

చికాగోలో మోకాలు, తుంటి కీళ్లు మార్పించుకున్న 159 మందితో జరిగిన మరో అధ్యయనంలో, మెసేజ్‌లూ వీడియోలూ అందుకున్నవారు ఈ మాత్రలను సుమారు పది రోజులు ముందే మానేశారు. రోజూ దాదాపు తొమ్మిది నిమిషాలు ఎక్కువ వ్యాయామం చేశారు. సర్జను ఆఫీసుకి ఫోన్లూ తగ్గాయి.

అడిగే తీరులోనూ నేర్పు ఉంది. "నొప్పి పదికి ఎంత?" అంటే చాలామంది పెద్దవాళ్లు తోచిన అంకె చెబుతారు. గట్టిగా దగ్గగలుగుతున్నారా, బాత్‌రూమ్ దాకా నడిచారా, రాత్రి ఎన్ని గంటలు నిద్రపట్టింది అని అడిగితే పనికొచ్చే జవాబు వస్తుంది. కడుపు ఆపరేషనైన మనిషి నొప్పికి భయపడి దగ్గకపోతే కఫం పేరుకుని న్యుమోనియాకి దారితీస్తుంది. సలుపుతోందా, మంటగా ఉందా, కరెంటు కొట్టినట్టు ఉందా అన్నదీ అడగాలి. మంటా, కరెంటు షాకూ నరం దెబ్బతిన్న సూచనలు కావచ్చు. వాటికి మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు, వేరే మందులు కావాలి.

మన చీటీలో దాగిన లెక్క

అమెరికా సమస్యను అలాగే తెచ్చి మనకి అంటించకూడదు. మన దగ్గర నల్లమందు జాతి మందులకి కట్టుదిట్టాలు ఎక్కువ. ట్రమడాల్‌ని కూడా 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. మన ఇళ్లలో ప్రమాదం ఎక్కువగా అతి మామూలు మాత్రల్లో దాక్కుని ఉంటుంది.

మోకాలి ఆపరేషనైన పెద్దావిడ చీటీ ఒకటి ఊహించుకుని దగ్గరగా చూద్దాం. అసెక్లోఫెనాక్, పారాసిటమాల్ కలిసిన మాత్ర, 1-0-1. ట్రమడాల్, పారాసిటమాల్ కలిసిన మాత్ర, 1-1-1. రెండింటిలోనూ పారాసిటమాల్ 325 మిల్లీగ్రాముల చొప్పున ఉంటుంది. అంటే రోజుకి 650, 975. ఇంతవరకు బాగానే ఉంది. ఒళ్లు వెచ్చబడిందని కోడలు డోలో 650 ఇచ్చింది, ఆరు గంటలకోసారి. డోలో కూడా పారాసిటమాలే. అది రోజుకి 2600. మొత్తం 4225 మిల్లీగ్రాములు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 4000 దాటకూడదు. బరువు తక్కువున్నవారికీ, కాలేయం బలహీనంగా ఉన్నవారికీ డాక్టర్లు ఇంకా తక్కువకే ఆపేస్తారు. ఈ ఇంట్లో ఎవరూ ఒక మందును రెండుసార్లు ఇచ్చామనుకోలేదు. మూడు అట్టల మీద మూడు వేర్వేరు పేర్లున్నాయి మరి.

మోతాదు మించిన పారాసిటమాల్ కాలేయంలో విరిగేటప్పుడు ఒక విషపదార్థం పుడుతుంది. దాన్ని విరిచే గ్లుటాథయోన్ నిల్వ ఉన్నంతవరకు ఫరవాలేదు. అది అయిపోతే కాలేయ కణాలు చనిపోవడం మొదలవుతుంది. మొదటి రోజు వికారం తప్ప పెద్దగా ఏమీ కనబడకపోవడమే ఇందులోని దగా. విరుగుడు మందు ఎసిటైల్‌సిస్టీన్ ఉంది, కానీ తొందరగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

రెండో రోజు సాయంత్రం ఒక మెసేజ్ వచ్చి "చీటీలోవి కాక ఇంకేమైనా వేసుకున్నారా? అట్ట ఫోటో తీసి పంపండి" అని అడిగితే ఈ లెక్క బయటపడుతుంది. "కిడ్నీ జబ్బు ఉందా?" అన్న ఒక్క ప్రశ్న, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట్ల ప్రాణాల మీదికి రాకుండా కాపాడగలదు. డైక్లోఫెనాక్ కుటుంబపు మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ దాన్ని తట్టుకోలేదు.

చట్టం గీసిన గీత కూడా తెలుసుకోవాలి. కేంద్రం 2020 మార్చి 25న విడుదల చేసిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వాట్సాప్ చాట్ ద్వారా కూడా వైద్యసలహా ఇవ్వడాన్ని అనుమతించాయి. మాదకద్రవ్యాల చట్టం కిందికొచ్చే మందులను మాత్రం అలా రాయకూడదన్నాయి. కృత్రిమ మేధ తనంతట తాను రోగికి సలహా ఇవ్వకూడదు, మందు రాయకూడదు అని కూడా స్పష్టం చేశాయి. కాబట్టి డాక్టరు రాసినదాన్ని రోబో గుర్తుచేయవచ్చు, జవాబులు పోగుచేసి డాక్టరుకి చూపించవచ్చు. మాత్ర మార్చాలన్నా పెంచాలన్నా డాక్టరే నోరు విప్పాలి. ఈ గీత సరైనదే. నొప్పి ఎందుకు పెరిగిందో తెలియకుండా మందు పెంచడం ఎంత ప్రమాదమో కింది నాలుగు సంగతులు చూస్తే అర్థమవుతుంది.

మెసేజ్ పెట్టి ఆగకూడని వేళలు

• పిండికట్టు లోపల నొప్పి గంటగంటకీ పెరుగుతూ, మాత్రకి లొంగకుండా, వేళ్లు చాపితే ప్రాణం పోయినట్టు ఉంటే. కండరాల్లో ఒత్తిడి పెరిగి రక్తం ఆడటం లేదేమో చూడాలి. ఇక్కడ గంటలే లెక్క.

• ట్రమడాల్ లాంటి మందు వాడుతున్న మనిషి పిలిస్తే సరిగ్గా పలకకుండా మగతలో ఉంటే, ఊపిరి బాగా నెమ్మదిస్తే, వింతగా గురక పెడుతుంటే. ఈ మందులు ఊపిరిని నడిపే మెదడు కాండాన్ని మందగింపజేస్తాయి. నిద్రమాత్రో మద్యమో తోడైతే ముప్పు ఇంకా ఎక్కువ. "హాయిగా నిద్రపోతున్నారు" అని వదిలేయకూడదు.

• ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే, లేదా ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే. కాలి సిరలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకి చేరి ఉండవచ్చు.

• తగ్గుతున్న నొప్పి మూడో రోజు తరువాత తిరిగి పెరుగుతూ, జ్వరం, చీము కనిపిస్తే. ఇది పుండు చీము పట్టిన సూచన.

ఇలాంటప్పుడు 108కి ఫోను చేయాలి, లేదా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఎవరి ఫోనుకి?

మన దగ్గర ఇలాంటి ఏర్పాటు చేయాలనుకునే ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ కంటే ముందు రిజిస్ట్రేషన్ కౌంటర్‌ని చూసుకోవాలి. అక్కడ రాసే నంబరు చాలాసార్లు రోగిది కాదు. హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకుది. రాత్రి ఎనిమిదింటి మెసేజ్ అతని ఆఫీసు మీటింగులో మోగుతుంది. మంచం పక్కన ఉన్న అమ్మాయికి తెలియదు. డిశ్చార్జి రోజు ఇంకో ప్రశ్న వేసి, రాత్రిళ్లు రోగి దగ్గర పడుకునేది ఎవరో అడిగి వాళ్ల నంబరు రాసుకోవాలి.

చదవడం రానివారికీ, బటన్ల ఫోను ఉన్నవారికీ గొంతు మెసేజ్ పంపవచ్చు. 2016లో మొదలైన కేంద్ర ప్రభుత్వ 'కిల్కారీ' పథకం గర్భిణులకీ బాలింతలకీ వారం వారం రికార్డు చేసిన ఫోన్‌కాల్స్ ద్వారానే ఆరోగ్య సమాచారం అందిస్తోంది. వాడే భాష మంచం పక్కన నర్సు మాట్లాడే భాషలా ఉండాలి. 'శస్త్రచికిత్సానంతర వేదనా నివారణ' అని మొదలైతే ఆ కాల్ అక్కడే కట్టయిపోతుంది.

ఇక అన్నిటికంటే ఖర్చుతో కూడిన సంగతి, జవాబు చూసే మనిషి. రోగి రాత్రి రెండింటికి "చాలా సలుపుతోంది, మాత్ర పనిచేయలేదు" అని పంపితే దాన్ని ఎవరో ఒకరు చదివి వెంటనే ఫోను చేయాలి. డ్యూటీలో ఉన్న నర్సుకి ఆ పని అప్పగించి, ఏ జవాబొస్తే ఎవరిని లేపాలో ముందే కాగితం మీద రాసి ఉంచాలి. ఆ ఏర్పాటు లేని ఆసుపత్రి కనీసం తను పంపే ప్రతి మెసేజ్ చివరా రాత్రి పది నుంచి పొద్దున ఎనిమిది దాకా ఈ జవాబులు ఎవరూ చూడరని చెప్పి, ఆ వేళలో పలికే క్యాజువాల్టీ ఫోను నంబరు ఇవ్వాలి.